జములమ్మ చెప్పిన రంగు

మా స్టేషన్ పేరు రాయను. గద్వాలకు, కర్నూలుకు నడుమ ఎక్కడో ఉంది. ప్యాసింజర్ బండ్లు ఆగుతాయి, మిగతావన్నీ మమ్మల్ని చూడనట్టే పోతాయి. ఆ మాత్రం తెలిస్తే చాలు. నేనిక్కడ స్టేషన్ మాస్టర్‌ని. పేరు శ్రవణ్ కుమార్, సొంతూరు వనపర్తి. ఇది నా కథ కాదు. సిగ్నల్ విభాగంలో హెల్పరుగా పనిచేసే జములమ్మ కథ. అందులో నేను రావలసి వచ్చింది, అదీ నాకు మంచి పేరు తెచ్చే చోట కాదు.

జములమ్మ పుట్టిల్లు రాజోలి. ఇంట్లో మగ్గం ఉండేది. బడి నుంచి రాగానే కండెలకు దారం చుట్టడం ఆమె పని. తండ్రి చేతికి రంగు తప్పిన కండె అందిస్తే చీర అంచు మొత్తం పాడవుతుంది కాబట్టి, అక్షరాల కంటే ముందు రంగులు నేర్చుకుంది. చిలకపచ్చ వేరు, ఆకుపచ్చ వేరు, మామిడిపిందె రంగు వేరు. మనకు ఒకటిగా కనబడే రెండు ఎరుపుల మధ్య ఆమెకు మూడో ఎరుపు కనబడుతుంది. 2009 వరదలో తుంగభద్ర ఆ ఇంట్లోకి వచ్చి మగ్గాన్ని విరిచిపెట్టి పోయింది. అప్పటికే ఆమె పెళ్ళయి గద్వాలలో ఉంది. భర్త హన్మంతు సిగ్నల్ విభాగంలో ఖలాసీ. ఆయన గుండెపోటుతో పోయాక, కారుణ్య నియామకం కింద అదే విభాగంలో ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. అప్పుడామెకు ముప్పయ్యొక్కటి. పనిముట్ల సంచి మోస్తూ పట్టాల పక్కన నడిచే ఆడమనిషిని చూడటానికి మొదట్లో చేలల్లో పనిచేసేవాళ్ళు నిలబడిపోయేవారట. తర్వాత వాళ్ళకూ అలవాటైంది.

సిగ్నల్ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. సిగ్నల్ ఆరిపోతే బండి ఆగుతుంది. అది చిక్కు, అంతే. ఆగమనాల్సిన చోట పొమ్మని చూపించే సిగ్నల్ ఉందే, అదీ అసలు ముప్పు. అలాంటిది ఒక్క నిమిషం జరిగినా, ఎవరికీ ఏమీ కాకపోయినా, పైకి తెలపాలి. పెట్టెకు సీలు వేయాలి. విచారణ జరగాలి. అందుకే సిగ్నల్‌ను ముట్టుకోవాలంటే ముందు ఒక కాగితం, పనైపోయాక ఒక్కొక్క రంగు పరీక్షించి ఇంకో కాగితం. రెండింటి మీదా సిగ్నల్ మెయింటెయినర్, స్టేషన్ మాస్టర్ ఇద్దరూ సంతకాలు చేయాలి. చేసే పని కంటే రాసే రాత ఎక్కువని మేమంతా గొణుక్కుంటాం. గొణుక్కుంటూనే గడులన్నీ నింపేస్తాం. నింపేముందు చూశామా లేదా అన్నది మాకూ పైవాడికీ తెలిసిన సంగతి.

రిజిస్టర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. జములమ్మకు అంత ఇంగ్లీషు రాదు. అందుకని ఆమె సొంతంగా ఒక నోటుపుస్తకం పెట్టుకుంది, పిల్లలు బడికి తీసుకుపోయే గీతల పుస్తకం. తేదీ, టైము, ఏ సిగ్నల్, ఏం కనబడింది. అంతా తెలుగులో. అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. ఒకటి నిండితే ఇంకోటి కొనేది. పదేళ్ళలో పదకొండు పుస్తకాలయ్యాయి. నేను ఆమెను ఊరకే వదిలేవాణ్ణి కాదు. గ్రంథం ఎంతవరకు వచ్చింది, మమ్మల్ని కూడా అందులోకి ఎక్కించావా అని అడిగేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు, కోపగించుకునేదీ కాదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకునేది.

ఆ అలవాటు నేర్పింది మునవ్వర్. మాకు చాలా ఏళ్ళు మెయింటెయినర్‌గా ఉన్నాడు, గట్టి మనిషి. సిగ్నల్ పరీక్షించేటప్పుడు ఆయన లోపల నిలబడి ఫోను చేస్తాడు, జములమ్మ అక్కడ సిగ్నల్ కింద ఉంటుంది. ఏ రంగు రావాలో ఆయన చచ్చినా చెప్పడు. 'ఏం రావాలో చెప్తే గదే కనబడ్తది బేటీ. నీకు ఏది కనబడితే గది చెప్పు' అనేవాడు. ఆమె ఎరుపు అనేది, పసుపు అనేది, పచ్చ అనేది. మునవ్వర్ ఇంట్లో ఉర్దూ. ఆయన పసుపును పీలా అనుకునేవాడు, పచ్చను హరా అనుకునేవాడు. ఇద్దరికీ ఏ రోజూ పేచీ రాలేదు.

పోయిన మార్చిలో మునవ్వర్ రిటైరయ్యాడు. ఆయన జాగాలో చెన్నయ్య వచ్చాడు. అచ్చంపేట దగ్గరి పల్లె వాడు, నలభై లోపే ఉంటాడు. దూరప్రాంతాల్లో పనిచేసి, సొంత జిల్లా పక్కకు రావడానికి ఏళ్ళ తరబడి దరఖాస్తులు పెట్టుకుని చివరికి సాధించుకున్నవాడు. ఇద్దరు చిన్నపిల్లలు. మెత్తని మనిషి. జములమ్మను అక్కా అని పిలిచేవాడు.

ఆయన వచ్చిన మూడు వారాలకు, ఏప్రిల్‌లో, కర్నూలు వైపు హోమ్ సిగ్నల్ దగ్గరి ఇనుప పెట్టెలో ఎలుకలు తీగలు కొరికేశాయి. హోమ్ అంటే వచ్చే బండికి స్టేషన్ గుమ్మం లాంటిది. ఎరుపుంటే బయటే ఆగాలి. పసుపుంటే నెమ్మదిగా లోపలికొచ్చి ముందున్న సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండాలి. ఆకుపచ్చ ఉంటే ఆగకుండా దూసుకుపోవచ్చు. చెన్నయ్య, జములమ్మ పొద్దున తొమ్మిదికే పనిలోకి దిగారు. పాత తీగలు తీసి కొత్తవి బిగించారు. ఆ బిగింపులో చెన్నయ్య రెండు తీగలు తారుమారు చేశాడు. పసుపుది ఆకుపచ్చకు, ఆకుపచ్చది పసుపుకు. ఎండ మండిపోతోంది, కొరికిన తీగల మీద గుర్తులు చెరిగిపోయాయి. తప్పు ఎవరైనా చేస్తారు. చేసిన తప్పు పట్టుకోవడానికే పరీక్ష ఉన్నది.

పరీక్షకు చెన్నయ్య స్టేషన్‌కు వచ్చాడు. జములమ్మ సిగ్నల్ దగ్గరే ఉంది. నా గదిలో ప్యానెల్ ఉంటుంది, పట్టాలూ సిగ్నళ్ళూ గీసిన పెద్ద బల్ల. అక్కడ బటన్ నొక్కితే బయట సిగ్నల్ మారుతుంది. మొదట ఎరుపు పెట్టాను. చెన్నయ్య ఫోనులో అడిగాడు, ఆమె ఎరుపంది. తర్వాత పసుపు పెట్టాను. ప్యానెల్ మీద పసుపు దీపమే వెలిగింది, ఎందుకంటే తారుమారైంది బయట పెట్టెలో. అప్పుడే బండ్లు నడిపించే కంట్రోల్ ఆఫీసు ఫోను మోగింది. నేను అటు తిరిగాను.

'ఏముందక్కా?' అన్నాడు చెన్నయ్య.

'పచ్చ' అంది జములమ్మ.

'సరిపోయింది సార్' అని చెన్నయ్య నా వీపుకు చెప్పాడు.

నాకు వినబడిందల్లా ఆ సరిపోయిందన్న మాటే. అవతల కంట్రోల్‌వాడు నెత్తిన కూర్చున్నాడు, పని ఎప్పటికి అవుతుంది, గూడ్సు వెనక గూడ్సు నిలబడింది అని. ఇంకా ఆకుపచ్చ పరీక్షించాలి. అది రావాలంటే అవతలి స్టేషన్ దాకా పట్టా ఖాళీ ఉండాలి, ఆ దారిలోనేమో ఒక బండి ఇంకా నడుస్తోంది. మూడోది తర్వాత చూసుకుందాం, సంతకం పెట్టు అన్నది నేనే. చెన్నయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. జములమ్మకు ఫోనులో, ముందు బండి ఉందట, మూడో రంగు తర్వాత చూద్దాం అని చెప్పి సంతకం పెట్టాడు. కాగితం మీద మూడు గడులున్నాయి. మూడింట్లోనూ టిక్కు పెట్టి, ఇద్దరం కలిసి పరీక్షించామన్న వాక్యం కింద నేనూ సంతకం చేశాను. నా సంతకం అందంగా ఉంటుందని అందరూ అంటారు.

పావుగంట తర్వాత కర్నూలు వైపు నుంచి గూడ్సు వచ్చింది. లోపలికి తెచ్చి ఆపుదామని హోమ్‌కు పసుపు ఇచ్చాను. జములమ్మ ఇంకా అక్కడే ఉంది. తీగముక్కలు ఏరి, పెట్టెకు తాళం వేసి వచ్చే మనిషి ఆమె. ఫోను చేసింది.

'సార్, ముందటి బండి పోయిందా?'

'ఇంకా పోలేదు. ఎందుకు?'

'మరి హోముకు పచ్చ ఎందుకిచ్చిన్రు?'

పసుపే ఇచ్చానన్నాను, కొంచెం విసుగ్గానే.

'పసుపు గాదు సార్. పచ్చ. ఆకు రంగు, ఆకు.'

సిగ్నల్‌ను వెంటనే ఎరుపుకు తిప్పాను. కళ్ళముందే రంగు మారేసరికి గూడ్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేసి, హోమ్‌కు ఇవతలికి రాకుండా ఆపి, హారన్ మోగించాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆమె చూసి ఉండకపోతే, పొమ్మని చూపిస్తోంది కదా అని అతను వేగంగా లోపలికి వచ్చేవాడు. అవతల చివర సిగ్నల్ ఎర్రగా ఉంది. దానవతల బండి ఉంది. ఆ తర్వాత ఏమై ఉండేదో ఊహించుకోవడానికి నాకు చాలా రాత్రులు పట్టాయి.

డ్రైవరు చూశాక దాచడానికి ఏముంది? పైకి తెలియజేశాం. ఆ సాయంత్రమే వచ్చి పెట్టెకు సీలు వేశారు. ముగ్గురి దగ్గరా విడివిడిగా వాంగ్మూలాలు రాయించుకున్నారు. పరీక్ష సమయంలో ప్యానెల్ దగ్గరే ఉన్నాననీ, అన్ని రంగులూ సక్రమంగా పరీక్షించామనీ నేను రాశాను. చెన్నయ్య ఏం రాశాడో నాకు తెలియదు. రాసిచ్చి తల వంచుకుని వెళ్ళిపోయాడు. విచారణ పదిరోజుల తర్వాత అన్నారు.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది నాకు. మా వనపర్తిలో మా నాయనమ్మ పసుపుబట్టను పచ్చబట్ట అనేది. మర్నాడు చెన్నయ్యను అడిగితే, వాళ్ళింట్లో కూడా పచ్చ అంటే పసుపేనన్నాడు. పసుపు కోసం ఎదురుచూస్తున్నవాడికి పచ్చ అని వినబడితే సరిపోయిందనుకోడా మరి? రాజోలి మగ్గం దగ్గర పచ్చ అంటే ఆకు రంగు. ఒక్క మాట ఫోనులో అటునుంచి ఒక రంగుగా బయల్దేరి ఇటు ఇంకో రంగుగా దిగింది. తెలుగువాళ్ళం కాకపోతే ఈ పొరపాటు మాకు జరిగేదే కాదు.

ఇక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. పచ్చ అంటే ఆమె ఆకు రంగే చెప్పిందని తేలితే, ఆ మాట విన్నదెవరు, పక్కన స్టేషన్ మాస్టర్ ఏం చేస్తున్నాడు, రెండో రంగు తప్పయితే మూడోది ఎలా సరిపోయింది అని ప్రశ్నలన్నీ నా గదిలోకే వస్తాయి. అదే ఆమె, ఎండ మెరుపులో పసుపులాగే కనబడింది, పసుపనే ఉద్దేశంతోనే పచ్చ అన్నాను అంటే, అందరి కాగితాలూ సరిగ్గా ఉన్నట్టే, మూడో రంగునూ ఆ ఎండ మీదికే తోసేయొచ్చు. తప్పు ఎండది.

రెండు రోజులాగి ఆమె దగ్గరికి వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివర కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. నా సంగతి ఎత్తలేదు. చెన్నయ్య గురించే మాట్లాడాను. కష్టపడి ఇక్కడికి వచ్చాడు, చిన్నపిల్లలు, నువ్వు ఒక్క మాట అటూ ఇటూ అంటే బతికి బయటపడతాడు అన్నాను. నీకేమవుతుంది, కళ్ళు పరీక్షిస్తారు, మహా అయితే సిగ్నల్ పని నుంచి తీసి ఆఫీసులో వేస్తారు, ఎండలో తిరిగే బాధ తప్పుతుంది అన్నాను. ఇంత మంచిగా నేను అబద్ధం ఆడగలనని నాకే తెలియదు.

ఆమె చేతులు తుడుచుకుంది.

'చెన్నయ్య సార్ అడగమన్నడా?' అంది.

అడగమనలేదు గాని అతని మనసులో ఉంటుంది కదా అన్నాను.

'నా కండ్లు తప్పని నేనే చెప్తే, రేపటి నుంచి నేను చూసినదేదీ నమ్మరు సార్. పదేండ్లు రాసింది గూడ అబద్ధమైతది. ఆఫీసుల ఏస్తరంటున్నరు, ఏస్తరు. గానీ నాకు వచ్చింది గిదొక్కటే, రంగు చూసుడు.'

ఆలోచించుకోమని చెప్పి వచ్చేశాను. ఆ వారంలో ఇంకో రెండుసార్లు వెళ్ళాను. చివరిసారి నా మాట పూర్తికాకముందే ఆమె సంచి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచింది. మనిషి నలిగిపోయిందని తెలుస్తూనే ఉంది. డ్యూటీకి వచ్చి సిగ్నల్ కింద నిలబడి, పైకి చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసేది. పదేళ్ళలో ఆమె అలా చేయగా నేను చూడలేదు. చేయించింది నేనే.

విచారణకు ముగ్గురు అధికారులు వచ్చారు. ముగ్గురిలో పెద్ద కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకావిడ, తక్కువ మాట్లాడే మనిషి. నా గదిలోనే బల్ల చుట్టూ కూర్చున్నారు. నన్నూ చెన్నయ్యనూ కూడా గదిలోనే ఉండమని, మొదట జములమ్మను పిలిచారు. పసుపు వెలగాల్సిన చోట నువ్వేం చూశావు అని అడిగారు.

నేను గోడవైపు చూస్తూ కూర్చున్నాను.

'పచ్చ' అంది.

ఒక అధికారి నవ్వి, పచ్చగడ్డి పచ్చా, పచ్చకామెర్ల పచ్చా అన్నాడు. పెద్దావిడ నవ్వలేదు. నీ మాటలో పచ్చ అంటే ఏదో చెప్పమంది. జములమ్మ సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ ఆ రోజు పేజీ చూసింది, తర్వాత వెనక్కి తిప్పుతూ పోయింది. నెలల వెనక్కి, మునవ్వర్ రోజుల్లోకి. అధికారిక రిజిస్టర్ తెప్పించి పక్కన పెట్టి పోల్చింది. అధికారిక రిజిస్టర్ తెప్పించి పక్కన పెట్టి పోల్చింది. టైములతో సహా సరిపోయాయి. ఒక్కచోట కూడా తేడా లేదు. నేను గ్రంథమని వెక్కిరించిన పుస్తకం అది.

అప్పుడు ఆవిడ చెన్నయ్య వాంగ్మూలం తీసి చదివింది. మూడే వాక్యాలు. 'తీగలు తారుమారుగా బిగించింది నేను. ఆమె చెప్పింది సరైనదే, నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. మూడో రంగు మేము పరీక్షించలేదు.' కింద సంఘటన జరిగిన రోజు తేదీ, సాయంత్రం ఆరు గంటల టైము.

మూడుసార్లు ఆమె దగ్గరికి వెళ్ళి ఏ మనిషి పిల్లల పేరు చెప్పి ప్రాధేయపడ్డానో, ఆ మనిషి నేను మొదటిసారి వెళ్ళక ముందే తప్పంతా తన మీద వేసుకుని రాసిచ్చేశాడు. చెన్నయ్య మూలన నిలబడి ఉన్నాడు. నావైపు చూడలేదు.

పెద్దావిడ మళ్ళీ నోటుపుస్తకం దగ్గరికి వచ్చింది. ఆ రోజు రాతలో పచ్చ అన్నదాని కింద ఇంకో వరుస ఉంది. దాన్ని పైకి చదివింది. 'మూడో రంగు చూడలేదు. ముందు బండి ఉందంట. తర్వాత అన్నరు.' చదివి, నా అందమైన సంతకమున్న కాగితాన్ని దాని పక్కన పెట్టింది. మూడు గడులు, మూడు టిక్కులు.

ఆ వరుస ఆమె పుస్తకంలో మొదటి రోజు నుంచీ ఉంది. కొళాయి దగ్గర నేను ధర్మపన్నాలు చెబుతున్నంతసేపూ అది ఆమె సంచిలోనే ఉంది. తీసి నా మొహాన చూపించి ఉంటే అక్కడే నోరు మూసుకునేవాణ్ణి. చూపించలేదు.

ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. జములమ్మనే అడిగింది. ఈ పది రోజుల్లో నీ మాట మార్చుకోమని ఎవరైనా చెప్పారా అని.

జములమ్మ కొంగు సర్దుకుంది. అవునంటే నా ఉద్యోగానికే ఎసరు. కాదంటే ఆమె మొదటిసారి అబద్ధం ఆడినట్టు. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే బరువు ఆమె నెత్తిన పెట్టింది నేను. ఆమె నావైపు చూడలేదు. బల్ల మీది పుస్తకం వైపే చూస్తూ నిలబడింది.

ఆ రెండింట్లో ఏ మాటా ఆమె నోటి నుంచి రాకూడదని నాకనిపించింది. ఆ పది రోజుల్లో నాకు కలిగిన మంచి ఆలోచన అదొక్కటే.

కుర్చీలోంచి లేచి, 'చెప్పింది నేనే మేడమ్' అన్నాను. 'మూడుసార్లు చెప్పాను.'

జములమ్మ బల్ల మీద చేయి ఆనించి కూర్చుండిపోయింది. పెద్దావిడ నా పాత వాంగ్మూలాన్ని పక్కకు నెట్టి, తెల్లకాగితం ఒకటి నా ముందు పెట్టి, మొదటి నుంచి రాయమంది.